బాపుతో మేడారం దాకా: అద్దె సైకిళ్ల యాత్రపై ఒక సమీక్ష

హన్మకొండలోని ఒక సైకిల్ దుకాణం వారు గేర్ల సైకిళ్లను రోజుల లెక్కన అద్దెకు ఇవ్వడమే కాకుండా, అడిగిన వారికి రామప్ప, లక్నవరం, తాడ్వాయి అడవుల మీదుగా మూడు రోజుల యాత్రను కూడా ఏర్పాటు చేస్తున్నారు. 2025 జనవరిలో, సంక్రాంతి వెళ్లిన వారం, అరవై మూడేళ్ల మా బాపుతో కలిసి నేను ఆ యాత్ర చేసి వచ్చాను. దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు. లోపాలను యజమానికి ఎదురుగానే చెప్పాను, ఆయన విన్నాడు, అది అక్కడితో సరి. కానీ తల్లినో తండ్రినో వెంటబెట్టుకుని సైకిల్ మీద దూరం పోదామనుకునే వారు డబ్బు కట్టే ముందు ఏమేం అడిగి తెలుసుకోవాలో చెప్పవలసిన అవసరం ఉంది కనుక ఈ సమీక్ష రాస్తున్నాను. సైకిళ్ల వరకు నేను ఐదుకు నాలుగు మార్కులు వేస్తాను, యాత్ర ఏర్పాట్లకు మాత్రం రెండు మించి వేయలేను.

ముందుగా లెక్కలు. ఒక్కో సైకిల్‌కు రోజుకు 700 రూపాయల అద్దె, రెండింటికి కలిపి 4,000 రూపాయల డిపాజిట్, సామాను మోయడానికి వెంట వచ్చే ట్రాలీ ఆటోలో మా వాటాకు 3,000 రూపాయలు. బస, భోజనం మనవే. వారి ప్రణాళిక ప్రకారం మొదటి రోజే రామప్ప చేరాలి, అంటే దాదాపు 70 కిలోమీటర్లు తొక్కాలి. పాతికేళ్ల కుర్రవాళ్లకు అది పెద్ద దూరం కాకపోవచ్చు కానీ, బాపును చూసి కూడా దుకాణం వారు అదే కాగితం మా చేతిలో పెట్టారు. మొదటి రాత్రి ములుగులో ఆగి, మొత్తం నాలుగు రోజులు తీసుకుంటామని నేను పట్టుబడితే, అదనపు రోజు అద్దె కట్టించుకుని ఒప్పుకున్నారు. ఒప్పుకున్నారు అన్న మాటకు అర్థం ఆ తర్వాత తెలిసింది, దాని సంగతి కింద రాస్తాను.

బాపు కరెంటు శాఖలో లైన్‌మన్‌గా పనిచేసి రెండేళ్ల కిందట రిటైర్ అయ్యాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ 24 అంగుళాల నల్ల సైకిల్, దాని క్యారియర్‌కు చుట్టిన తాడు, హ్యాండిల్‌కు వేలాడే సంచిలో రబ్బరు తొడుగులు, కటింగ్ ప్లేయర్ ఉండేవి. అందువల్ల సైకిల్ తొక్కడం ఆయనకు కొత్త కాదు, గేర్ల సైకిల్ మాత్రం పూర్తిగా కొత్త. మాకు ఇచ్చినవి 21 గేర్లవి, 700సి అనే కొలత ఉన్న సన్నని చక్రాలవి, రెండు చక్రాలకూ డిస్క్ బ్రేకులు ఉన్నవి. చైన్లు శుభ్రంగా తుడిచి నూనె వేసి ఉన్నాయి, బ్రేకులు పట్టగానే పడుతున్నాయి, ముందు లైటు తెల్లవారుజామున మంచులో కూడా దూరం నుంచి కనిపించేంత బలంగా ఉంది. ఈ విషయంలో దుకాణం వారి శ్రద్ధను మెచ్చుకోవలసిందే. నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా చైన్ జారలేదు.

సీటు దగ్గరే మొదటి పేచీ వచ్చింది. అక్కడి మెకానిక్ పద్ధతి ప్రకారమే చేశాడు. సీటు మీద కూర్చుని, కిందికి వచ్చిన పెడల్ మీద మడమ పెడితే మోకాలు తిన్నగా సాగాలి అని చెప్పి, ఆ ఎత్తుకు సీటు బిగించాడు. బాపుకు అది నచ్చలేదు. "గీ సీటు మీద కూసుంటే కాళ్లు భూమికి అందుతలేవు బిడ్డా, పడితే ఎవలు లేపాలె" అని పట్టుబట్టి, అరిపాదాలు నేలకు ఆనేదాకా దింపించుకున్నాడు. ఆత్మకూరు చేరేసరికి ఆయన మోకాళ్లు పట్టేశాయి. అక్కడ చాయ్ తాగుతూ నేనే సీటును రెండు వేళ్ల ఎత్తు లేపాను, ఇంకో ఐదు కిలోమీటర్లు తొక్కిన తర్వాత ఆయనే ఆగి మరో వేలెడు లేపమన్నాడు. నొప్పి తగ్గింది. సీటు మరీ కిందికి ఉంటే పెడల్ పైకి వచ్చిన ప్రతిసారీ మోకాలు ఎక్కువగా ముడుచుకుని బరువంతా దాని మీదే పడుతుంది. ఈ చిన్న సంగతిని పెద్దవయసు వారికి ఓపికగా వివరించి, దుకాణం ముందు ఒక పది నిమిషాలు అటూ ఇటూ తిప్పించి ఉంటే ఆ మొదటి ఇబ్బంది ఉండేది కాదు. గిరాకీ చెప్పినట్టు దింపి ఇవ్వడం మర్యాదే కావచ్చు, కానీ మంచి సేవ కాదు. సీటు కూడా సన్నగా, గట్టిగా ఉంటుంది కాబట్టి మెత్తని తొడుగు అడిగి తీసుకోండి. అడగనిదే ఇవ్వరు, అడిగితే డబ్బు తీసుకోకుండానే ఇస్తారు.

ఇక దారి సంగతి. హన్మకొండ నుంచి ములుగు మీదుగా ఏటూరునాగారం వైపు పోయే 163వ నంబరు జాతీయ రహదారి మీద గోదావరి ఇసుక లారీల రాకపోకలు ఎక్కువ. గుడెప్పాడ్ క్రాస్ దగ్గర పరకాల, భూపాలపల్లి వైపు పోయే వాహనాలు చీలిపోతాయి కానీ లారీల బెడద తగ్గదు. మేము తెల్లవారక ముందే బయలుదేరడం వల్ల కటాక్షపూర్ చెరువు దాకా ప్రశాంతంగా తొక్కగలిగాం. వానాకాలంలో మత్తడి దూకి రోడ్డు మీదుగా నీళ్లు పారే ఆ చోట, జనవరి పొద్దున మంచు ఎంత దట్టంగా కమ్ముకుని ఉందంటే, చెరువు ఎక్కడ ముగిసి పొలం ఎక్కడ మొదలైందో తెలియలేదు. బాపు మాత్రం దారి పొడవునా స్తంభాలనే చూస్తూ వచ్చాడు. అలసట వచ్చినప్పుడల్లా "ఇంకో పది స్తంభాలు" అని లెక్కపెట్టుకుని పదకొండో దాని దగ్గర ఆగేవాడు. కిలోమీటర్లు చూపించడానికి దుకాణం వారు హ్యాండిల్‌కు బిగించి ఇచ్చిన మీటరు కంటే ఆ లెక్క మాకు ఎక్కువగా ఉపయోగపడిందని చెప్పాలి.

జాకారం దాటాక గట్టమ్మ గుడి దగ్గరి ఎత్తు వచ్చేదాకా ఆయన గేర్ల జోలికి పోలేదు. "ఒక్క గేరు సైకిల్ మీదనే నౌకరి అంత జేసిన, నాకెందుకివన్ని" అన్నది ఆయన వాదన. ఎత్తు మొదలయ్యాక, ఎడమ చేతి మీటతో ముందు చైన్‌ను చిన్న పళ్ల చక్రం మీదికి, కుడి చేతి మీటతో వెనుక చైన్‌ను పెద్ద దాని మీదికి దించితే కాళ్ల మీద బరువు తగ్గుతుందని చెప్పాను. ఆ రెండు మీటల తేడా అర్థమైన తర్వాత సగం ఎత్తు వరకు నెమ్మదిగా ఎక్కాడు, ఆ తర్వాత దిగి సైకిల్ నెట్టడం మొదలుపెట్టాడు. అలసిపోయావా అని అడిగితే, "గట్టమ్మకు దండం వెట్టకుండ సైకిల్ మీదికెల్లే పోతరా ఎవలన్న" అన్నాడు. మేడారం పోయే భక్తులు ముందుగా గట్టమ్మను మొక్కుకుని పోవడం ఆనవాయితీ కనుక, ఆ జవాబు మీద నేను ఎదురు చెప్పలేకపోయాను.

ట్రాలీ ఆటో మీద నా ఫిర్యాదు ఇక్కడే. ప్రతి 20 కిలోమీటర్లకు ఒక చోట ఆగి ఉంటుందని చెప్పిన ఆ ఆటో, మాతో పాటు బయలుదేరిన మరో నలుగురు కుర్రవాళ్ల వెంట నేరుగా రామప్పకు వెళ్లిపోయింది. నాలుగు రోజులకు ఒప్పుకోవడం అంటే మా డబ్బు తీసుకోవడానికి ఒప్పుకోవడమే తప్ప, మా వేగానికి తగ్గట్టు బండిని ఆపడం కాదని అప్పుడు అర్థమైంది. బాపు బీపీ గోలీలు ఆ ఆటోలోని సంచిలో ఉండిపోయాయి. ములుగులో మందుల దుకాణం తెరిచే ఉండబట్టి, చీటీ ఫోటో నా ఫోన్‌లో ఉండబట్టి సరిపోయింది. ఆటో రాత్రి ఎనిమిది దాటాక వెనక్కి వచ్చింది, డ్రైవర్ తప్పు ఏమీ లేదు, అతనికి మా సంగతి ఎవరూ చెప్పనే లేదు. ఎవరి ఆటో అయినా, ఎంత నమ్మకం చెప్పినా, మందులు, నీళ్లు, ఒక పూట తిండి మన సైకిల్ మీదే ఉండాలి. పండుగకు చేసిన సకినాల పొట్లం ఒకటి నా వీపు సంచిలో ఉండడం వల్ల మాకు ఆ సాయంత్రం ఆకలి తెలియలేదు.

రెండో రోజు పొద్దున జంగాలపల్లి దగ్గర జాతీయ రహదారి వదిలి వెంకటాపూర్ వైపు మళ్లాం. ఈ యాత్రలో సైకిల్ తొక్కడానికి అసలైన దారి ఇక్కడి నుంచే మొదలవుతుంది. లారీలు ఉండవు, రెండు పక్కలా యాసంగి నాట్లు, మిర్చి చేన్లు, మడుల్లో వంగి నాట్లు వేస్తూ "ఎందాక పోతున్నరు" అని పలకరించే ఆడవాళ్లు. ఆ పలకరింపులకు జవాబు చెప్పుకుంటూ పోతుండగానే బాపు సైకిల్ ముందు చక్రంలో గాలి పోయింది.

వెంకటాపూర్‌లోని పంచర్ దుకాణం దాకా నెట్టుకుంటూ వెళ్లాం. అక్కడి పెద్దమనిషి టైరు విప్పి, ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు వచ్చే చోటు పట్టుకున్నాడు. ముల్లు టైరులోనే ఉండిపోతే మళ్లీ పంచర్ అవుతుంది కనుక, కొంచెం పత్తి తీసుకుని టైరు లోపలి వైపు చుట్టూ రుద్దాడు. పత్తి పోగు చిక్కుకున్న చోట తుమ్మ ముల్లు కొస కనిపించింది. వేలితో తడిమితే దొరకనంత సన్నది. ప్యాచ్ వేయడం ఐదు నిమిషాల పని. గాలి కొట్టడమే ముప్పావు గంట పట్టింది.

కారణం వాల్వ్. నా సైకిల్ ట్యూబులకు మోటారు సైకిల్ ట్యూబుకు ఉండేలాంటి లావు వాల్వ్ ఉంది, బాపు సైకిల్‌కు మాత్రం ప్రెస్టా అనే సన్న రకం వాల్వ్ ఉంది. ఒకే దుకాణం, ఒకే అద్దె, రెండు రకాల సైకిళ్లు. మాకు ఇచ్చిన చేతిపంపు నా సైకిల్‌కు తప్ప బాపు సైకిల్‌కు సరిపోదు. ప్రెస్టా వాల్వ్ కొసన చిన్న ఇత్తడి మర ఉంటుంది, దాన్ని వదులు చేస్తే తప్ప గాలి లోపలికి పోదు. ఆ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. బాపు కళ్లజోడు సవరించుకుని, వాల్వ్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, ఆ మర తిరుగుతుందని కనిపెట్టాడు. అయినా గాలి మిషను ముక్కు ఆ సన్నని వాల్వ్ చుట్టూ వదులుగా ఉండి, గాలంతా బయటికే పోతోంది. చివరికి ఆ పెద్దమనిషి వాల్వ్‌కు ఉన్న ప్లాస్టిక్ మూతను తీసుకుని, దాని కొసను బ్లేడుతో కోసి, తలకిందులుగా వాల్వ్ మీదికి మరెక్కించాడు. సన్న వాల్వ్ లావైంది, ముక్కు గట్టిగా కూర్చుంది, టైరు బిగిసింది. టైరు పక్కన అచ్చు వేసి ఉన్న లెక్క చూసి 60 పౌన్ల దాకా నింపి ఆపాడు. బాపు ఆ పనిని గుడిలో శిల్పం చూసినంత శ్రద్ధగా చూసి, వెనుక చక్రం మూతను కూడా అలాగే కోయించుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు. ప్యాచ్‌కు అడిగింది 40 రూపాయలు, మూత కోసినందుకు ఏమీ తీసుకోలేదు.

అద్దెకు తీసుకునే వారు ఈ ఒక్క ప్రశ్న తప్పక అడగాలి. రెండు సైకిళ్లకూ వాల్వ్ ఒకే రకమా, ఇచ్చే పంపు దేనికి సరిపోతుంది, ఒక ట్యూబు అదనంగా ఇస్తారా. పల్లెల్లోని దుకాణాల్లో మామూలు నల్ల సైకిళ్ల ట్యూబులు దొరుకుతాయి, 700సి ట్యూబు దొరకదు.

గాలి కొడుతున్నంతసేపూ ఆ పెద్దమనిషి భూకంపం ముచ్చట చెప్పాడు. 2024 డిసెంబర్ 4న పొద్దున్నే ములుగు ప్రాంతంలో 5.3 తీవ్రతతో భూమి కంపించినప్పుడు, అదే తొట్టిలోని నీళ్లు అంచు దాటి ఒలికాయట. ఆ మాట విన్న గంటకే పాలంపేట చేరి రామప్ప గుడి అరుగు మీద కూర్చున్నాం కనుక, గైడు చెప్పిన వాటిలో బాపు పట్టుకున్నది పునాది సంగతే. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించడం మొదలుపెట్టిన ఈ గుడికి, గుంతలో ఇసుక నింపి దాని మీద పునాది లేపారు. భూమి అదిరితే ఆ ఇసుక అదురును మెత్తగా పట్టుకుంటుందని చెబుతారు. విమానం మీది ఇటుకలు నీటి మీద తేలేంత తేలికగా ఉండడం, పై బరువును తగ్గించడానికి చేసిన ఏర్పాటు. స్తంభాలు పాతిన మనిషి కనుక, గుంత, ఇసుక, బరువు అనే మాటలు వినగానే బాపు లేచి నిలబడి, లోపలి గచ్చు ఎక్కడ కుంగింది, ఎక్కడ ఎత్తుగా ఉంది అని గైడును పది ప్రశ్నలు వేశాడు. నాకు మాత్రం బయటి చూరు కింద ఏటవాలుగా నిలబడిన మదనికలనే స్త్రీ శిల్పాలను, నల్లరాతి మీద వాటి మెడల్లో హారాల నీడలను చూస్తూ ఎంతసేపైనా ఉండిపోవచ్చు అనిపించింది.

దుకాణం వారి కాగితంలో రామప్పకు కేటాయించిన సమయం 45 నిమిషాలు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన గుడిని, అన్ని కిలోమీటర్లు తొక్కి వచ్చి, ఫోటోల కోసం ముప్పావు గంట చూసి వెళ్లడం నాకు అర్థం కాని సంగతి. మేము మధ్యాహ్నం దాకా ఉన్నాం. రెండు సైకిళ్లకు ఒకటే తాళం ఇచ్చారు కాబట్టి రెండింటినీ ఒకదానికొకటి ఆనించి చైన్ చుట్టవలసి వచ్చింది. తర్వాత రామప్ప చెరువు కట్ట మీద తొక్కిన ఆ కొద్ది దూరం ఈ నాలుగు రోజుల్లో నాకు అన్నిటికంటే నచ్చింది. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క కింద పొలాలు, ఎదురుగాలి లేదు, హారన్ లేదు. బాపు మొదటిసారి నాకంటే ముందు పోయాడు.

లక్నవరం గురించి ఎక్కువగా రాయను. బుస్సాపూర్ మీదుగా లోపలికి పోయే దారి చల్లగా, నీడగా ఉంటుంది, చెరువు మధ్య దీవులు, వాటిని కలిపే వేలాడే వంతెనలు అందరికీ తెలిసినవే. సైకిళ్లను బయట వదిలి నడిచాం. గదులు ముందుగా బుక్ చేసుకోవాలి, శని, ఆదివారాలైతే మరీ ముందుగా.

మూడో రోజు దారిని మేమే మార్చుకున్నాం. వారి ప్రణాళికలో పస్రా నుంచి జాతీయ రహదారి మీదే తాడ్వాయి పోయి, అక్కడి నుంచి మేడారం చూసి రావాలని ఉంది. మేము పస్రా దగ్గరే రహదారి వదిలి నార్లాపూర్ మీదుగా మేడారం చేరి, తర్వాత అడవి దారిన తాడ్వాయికి వచ్చాం. పెద్దవారితో పోయే వారికి ఇదే మంచి దారి అని గట్టిగా చెబుతాను. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి వేళ లక్షల మందితో నిండిపోయే మేడారం, జాతర లేని రోజుల్లో గద్దెల దగ్గర నాలుగైదు కుటుంబాలు, బెల్లం వాసన, జంపన్న వాగులో మోకాలి లోతు నీళ్లు. ఇంత నిశ్శబ్దంగా ఆ చోటును నేను ఎప్పుడూ చూడలేదు. బాపు తన ఎత్తు బెల్లం మొక్కు చిన్నప్పుడు ఎప్పుడో తీర్చాడట, ఈసారి పావు కిలో బంగారంతో (అక్కడ బెల్లాన్ని బంగారం అనే అంటారు) సరిపెట్టాడు.

మేడారం నుంచి తాడ్వాయి వచ్చే అడవిలో 2024 ఆగస్టు 31న వీచిన సుడిగాలికి వేలాది చెట్లు కూలిపోయాయి. వేళ్లతో సహా పెళ్లగించుకుని పడిపోయిన మానుల మధ్య నుంచి ఆకాశం ఖాళీగా కనిపిస్తుంది. బాపు అక్కడ సైకిల్ ఆపి, చెట్లను కాదు, వాటి పక్కనుంచి పోయే లైనును చూస్తూ, "ఆ రాత్రి ఎవలు డ్యూటీల ఉన్నరో" అన్నాడు. ఇంకేమీ అనలేదు.

నాలుగో రోజు ట్రాలీ ఆటోలో సైకిళ్లతో పాటు తిరిగి వచ్చాం. ఈసారి చెప్పిన సమయానికే వచ్చింది. డిపాజిట్‌లో నుంచి 150 రూపాయలు పట్టుకుంటామన్నారు, ముందు చక్రం వాల్వ్ మూత కోసేశారని కారణం చెప్పారు. నేను మాట్లాడేలోపే బాపు చొక్కా జేబులోంచి రెండో మూతను తీసి బల్ల మీద పెట్టి, ఒక ట్యూబు తెప్పించి, దాన్ని తలకిందులుగా ఎక్కించి, గాలి మిషనుతో ఎలా నింపాలో కౌంటరు దగ్గరి కుర్రవాడికి చూపించాడు. "సైకిల్‌కొకటి కోసి డబ్బల ఏసుకోండ్రి, పంచరైతే మళ్ల మా లెక్క తిప్పలు వడరు" అన్నాడు. యజమాని 4,000 రూపాయలు పూర్తిగా వాపసు ఇచ్చాడు.